మిగిలిన వాటాలు

ఆదినారాయణప్ప పేరెత్తితే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. చింతామణిలో అతనికి వేరుశనగ మండీ ఉండేది. అక్కడే నూనె మిల్లు పెడతామని ఒక కంపెనీ మొదలైతే, దాని వాటాలు అమ్మిపెట్టే పని అతను ఒప్పుకున్నాడు. అమ్ముడుపోనివి తానే కొంటానని రాసిచ్చి, ఆ పూచీకి కమీషన్ ముందే పుచ్చుకున్నాడు. నష్టం వస్తే మోస్తానన్నందుకే ఆ కూలి.

మా తమ్ముడు పిళ్ళప్పకు ఇవేవీ తెలియవు. చాకవేలులో మెట్టచేను చేసుకుంటూ, బావి తవ్వించాలని పైసాపైసా కూడబెట్టాడు. ఆదినారాయణప్ప ఇంటికొచ్చి, చేతిలో తాంబూలం పెట్టి, మిల్లులో వాటాలు తీసుకోమన్నాడు. మావైపు పొత్తుకు పిలిచినవాడు తన వాటా డబ్బు ముందు పెట్టాకే తాంబూలమిస్తాడు. తాంబూలమిచ్చాక ఇంకేమీ అడగరు. మావాడూ అడగలేదు, వెర్రివాడు. బావి డబ్బంతా ఇచ్చేశాడు.

అప్పటికే జర్మనీతో యుద్ధం మొదలైంది. మిల్లు యంత్రాలు జర్మనీ నుంచి రావాలి. ఇక రావని ఆదినారాయణప్పకు ముందే తెలుసని కంపెనీ గుమాస్తా మా ఆయనకు చెప్పాడు. ఆ మాట వినగానే తమ్ముణ్ణి వెంటబెట్టుకుని బాగేపల్లిలో చింతామణి బస్సెక్కాను.

మండీ నిండా రైతులు మూటలు తూయిస్తున్నారు.

"ఏమప్పా, మిషన్లు రావని తెలిసే మావానికి అంటగట్టినావా?" అన్నాను.

"యాపారమన్నాక లాభనష్టాలుంటాయమ్మా. గొంతు మీద కూర్చోని తీసుకున్నానా?"

"మిగిలింది మోస్తానని కూలి తీసుకునింది ఎవరు? కూలి నీకు, మూట మావాని నెత్తికా?"

"మెల్లగా మాట్లాడమ్మా, జనముండారు."

"జనం వినాలనే వచ్చినా. తెల్సా, తెలీదా, అది చెప్పు."

అతనికి చిర్రెత్తింది. "తెల్సు. చెప్తే కొనేదెవరు?"

త్రాసు దగ్గరున్న ముత్యాలప్ప అనే ముసలి రైతు తన మూట దించి బండిలో వేసుకున్నాడు. పక్కవాడూ మూట మీద చెయ్యి వేశాడు. ఆదినారాయణప్ప మొహం మాడిపోయింది. గల్లా తెరిచి మా డబ్బు మాకిచ్చి, వాటాల కాగితాలు సంతకం పెట్టించి తీసుకున్నాడు.

గెలిచామనుకున్నాం. చాకవేలులో బావి పని మొదలైంది. ఇంకా నీళ్లు పడనేలేదు, మా ఆయన కబురు తెచ్చాడు. ఆ కాగితాలనే ఆదినారాయణప్ప తొండేభావిలో చెన్నమ్మ అనే ఆవిడకు అమ్మాడట, ఆమె ఎద్దుల జతను అమ్మించి మరీ. మాకిచ్చింది ఆమె దగ్గర రాబట్టుకున్నాడు, దొంగనాయాలు. నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

ఆ కోపంతోనే చాకవేలు వెళ్లి చెప్పాను. పిళ్ళప్ప గుంతలోంచి పైకొచ్చి విన్నాడు. పని ఆపమని కూలివాళ్లకు చెప్పాడు.

"తొండేభావికి బస్సు యాడ ఎక్కాలక్కా?"

"పోయి ఏం చేస్తావురా? నీ డబ్బిచ్చేస్తావా?"

"ఆయమ్మను పిల్చుకోని మళ్లీ మండీకి పోదాం. మన డబ్బు వచ్చింది చాలని ఆ కాగితాలు వాని చేతికే ఇచ్చొచ్చినాం. ఈతూరి ఆయమ్మ దుడ్డు ఇప్పించి, అందరి ముందరా వానిచేతనే వాటిని చింపిస్తాం."