భీమశంకరుని ముద్ర

శరత్కాలము కడముట్టుచుండెను. ప్రాతఃకాలమున నీలాంబరప్రతిబింబభాసురమై నిస్తరంగమై కాకినాడ రేవున కెదుట నిదురించు సముద్రము అపరాహ్ణమగుసరికి సీసపువన్నె దాల్చి ఈశాన్యమునుండి వీచు తేమగాలికి మెల్లమెల్లగా నుబుకజొచ్చెను. తీరమున నారవేసిన వలలపై వ్రాలక కాకులు దూరదూరముగా దిరుగుచుండెను. చేపలు విరివిగా పడునట్టి యా దినములయందే జాలరులు మిక్కిలి దూరము పోయి వేటాడుదురు; వాయుగుండములును ఆ దినములయందే పుట్టును.

రేవున కనతిదూరమున నొక చిన్న సంస్థ ఆ పడవలకై తుపాను హెచ్చరిక పెట్టెలను నిర్మించుచుండెను. ఉపగ్రహమునుండి వార్త యందిన తక్షణమే గాఢనిద్రానిమగ్నులను సైతము మేల్కొల్పు భీకరనాదముతో మ్రోగుట ఆ పెట్టె ధర్మము. దానిని నడపు ప్రోగ్రాము యొక్క ప్రతిరూపములన్నియు నొక ఉమ్మడి భాండారమున నిలువచేయబడును. అందు పరీక్షకు నిలిచినదానికి మాత్రమే సంఖ్యతో గూడిన ముద్ర నొకదానిని తగిలింతురు. దానికి వారు ట్యాగని పేరిడిరి. రేవులోని సర్వరు అన్నిటికంటె పెద్దసంఖ్యగల ట్యాగునే క్రొత్తదిగా నెంచి దాని ప్రోగ్రామునే పడవల పెట్టెలలో నింపుచుండును. అది యెవ్వరి నడుగదు, దేనిని శంకింపదు.

ద్విభాష్యము శర్వాణి ఆ భాండారమునకు సంరక్షకురాలు. మితభాషిణియు కార్యదక్షయు నగు నామె యొకనాటి యుదయమున ఎవ్వరును తగిలింపని ట్యాగు నొకదానిని భాండారమున గాంచి నివ్వెరపోయెను. దాని సంఖ్య మిగిలినవాటినెల్ల మించియుండెను. దాని క్రింది ప్రోగ్రాము అసంపూర్ణము; అందు మ్రోతయే మూయబడియుండెను. తగిలించినవాని పేరు భీమశంకరము. అతడు గడచిన వైశాఖమున గుండెపోటుచే మరణించిన సహోద్యోగి.

ఆమె దానిని తుడిచివేసెను. గడియసేపటికి అది మరల వచ్చెను. ఇంకొకమారు తుడిచెను, ఇంకొకమారు వచ్చెను. వెంటనే యామె సంస్థాధికారియగు మంథా నృసింహమూర్తి గదికి పరువిడెను.

"చచ్చిపోయినవాడు ట్యాగు పెడతాడా అమ్మా? ఎవరో లోపలివాళ్ళే ఆయన పేరు వాడుకుంటున్నారు. పర్మిషన్లన్నీ నీ దగ్గరేగా ఉన్నాయి!" అని యతడు కనుబొమలు ముడిచెను.

"నేను కాదండీ. ముందు రేవులో సర్వర్ ఆపించండి. పడవల్లోకి ఎక్కిపోతుంది."

"ఆపితే రేవువాళ్ళకేం చెప్పను? మన పెట్టెలు పనిచెయ్యవనా? ముందు ఈ పని ఎవరిదో తేల్చు."

సర్వరు నాపు నధికార మామెకు లేదు. అవమానభారావనతయై తన స్థానమునకు మరలి వచ్చి ఆ ట్యాగును నిశితముగా పరిశీలించెను. అది పుట్టినది నేడు కాదు. భీమశంకరుడు బ్రతికియుండగానే పుట్టినది. కావున దాని నెవ్వరును క్రొత్తగా చేయుటలేదు; ఎచ్చటనో నిలిచియున్న పాతప్రతినుండి యది తిరిగి వచ్చుచున్నది. భాండారమున తుడిచినది పనివారి కంప్యూటర్లలోని ప్రతులయందు తుడిచిపోదని యామె యెఱుగును. ఒక్కొక్కరి కంప్యూటరును వెదకెను. ఎందును లేదు. తుదకు మూలగదిలో భీమశంకరుని శూన్యాసనము చెంత నతని కంప్యూటరు సన్నగా రొదసేయుచుండుట వినెను.

యజమాని మరణించినది మొదలు ఆపివేయబడియున్న దానిని, క్రొత్తది కొనుటకు మనసొప్పని నృసింహమూర్తియే నిన్న సాయంకాలము పరీక్షలకై తెఱపించియుండెను. మేల్కొన్న యా కంప్యూటరు తన యజమాని పూర్వము చేసిన యేర్పాటు ననుసరించి తనయందలి ట్యాగులన్నిటిని మాటిమాటికి భాండారమునకు పంపుచుండెను. తన పరీక్షలవేళ తోడివారి చెవులు చిల్లులు పడకుండుటకై భీమశంకరుడు మ్రోతను మూసెను. తన మేజాపైని పెట్టె దానినే గ్రహించుటకై పెద్దసంఖ్య నిడెను. అది భాండారమునకు చేరకమునుపే యతడు మరణించెను, కంప్యూటరు నాపివేయబడెను. అందు కపట మిసుమంతయు లేదు.

శర్వాణి ఆ కంప్యూటరు తీగను పెఱికివేసి ట్యాగును తుడిచెను. అది మరి రాలేదు. ఆమె రేవునకు పరుగిడెను. ఆ ఉదయమున మూగప్రోగ్రాము నెక్కించుకొన్న పడవలన్నియు ఒడ్డుననే కట్టబడియుండెను, మైలపల్లి ఎల్లాజీ పడవ యొక్కటి దక్క. అది యప్పటికే వైర్లెస్సున కందని దూరమున నుండెను. ఎంత పిలిచినను బదులు రాలేదు. మఱునాటి తెల్లవాఱుజామున తుపాను విరుచుకొనిపడెను. సరియైన ప్రోగ్రామును మరల నింపుకొన్న పెట్టెలు ముందే మ్రోగుటచే తక్కిన పడవలు ఒడ్డునుండి కదలలేదు. ఎల్లాజీ పడవపలకలు మాత్రము కొన్ని ఉప్పాడ యొడ్డునకు కొట్టుకొనివచ్చెను.

ఈ సంగతి యెవ్వరితోను పలుకవలదని నృసింహమూర్తి శాసించెను. అయినను శర్వాణి గాలి నెమ్మదించిన పిమ్మట ఎల్లాజీ భార్యయగు నూకరత్నమును వెదకికొనుచు తీరమున కేగెను.

"ఆ పెట్టె మోగలేదమ్మా. మోగకుండా చేసిన ప్రోగ్రాం అందులోకి ఎక్కింది. తప్పు మాదే," అని తలవంచి పలికెను.

నూకరత్నము ఏడ్వలేదు. "పెట్టెట్టిన కాణ్ణుంచి మేగం చూడ్డం మానేసేడండి. అదే లేపుద్దిలే అని తొంగునేవోడు," అనెను. మరల, "మా మరిది సాయంత్రం ఏటకెళ్తాడండి. ఆడి పెట్టయినా మోగుద్దా?" అని యడిగెను.

"మోగుతుందమ్మా. నేనే చూశాను."

"ఓపాలి మోగించండి. ఇంటాను."

శర్వాణి ఆ మరిది పడవనుండి పెట్టెను దెచ్చి మీట నొక్కెను. తీరమెల్ల నదరెను. పడవనీడల నిదురించు కుక్కలు త్రుళ్ళిపడి లేచెను. ఇసుకలో నాడుకొను పిల్లలు చెవులు మూసికొని పరుగిడిరి. నూకరత్నము మాత్రము చెవులు మూసికొనక ఆ నాద మాగువఱకు కదలక నిలిచి వినెను.

"ఇంత గట్టిగానా అండీ! అయితే లేచేవోడే."

శర్వాణి పెట్టెను మరల ఆ పడవలో నమర్చెను. ఎదుట సముద్రము మిక్కిలి ప్రశాంతముగా నుండెను. జాలరులు భుజము భుజము కలిపి పడవల నొకదాని వెనుక నొకటి నీటిలోనికి త్రోయుచుండిరి.