పడవలో మూడో చోటు

రేవులో చిన్నా పెద్దా అందరూ ఆమెను వదిన అనే పిలుస్తారు. ఆ పిలుపు మొదలుపెట్టింది ఆమె ఆడపడుచు. అది విని మెకానిక్కూ, ఐసు అమ్మేవాడూ, ఆఖరికి మామగారి వయసున్న కాపలాదారూ కూడా అందుకున్నారు. అందరికీ వదిన కావడం ఆమెకు ఇష్టమే. ఎటొచ్చీ ఆ ఒక్క ఆడపడుచుకి వదిన కావడమే కాస్త కష్టం.

ఆడబిడ్డ అర్ధమొగుడని పెద్దలు ఊరికే అనలేదు. ఆ అన్నాచెల్లెళ్లు చిన్నప్పటినుంచీ పడవ మీదే పెరిగారు. గాలి మారితే వాళ్ల మధ్య మాటతో పనిలేదు, ఒకరు తాడు వదిలితే ఇంకొకరు అందుకుంటారు. పెళ్లయ్యాక తెరచాప పని నేర్చుకున్న వదిన వాళ్ల దగ్గర ఎప్పుడూ మూడో మనిషే. అందుకే సముద్రం దాటి పొరుగు దేశానికి వెళ్దామనుకున్నప్పుడు, "మనిద్దరం చాలమా?" అని భర్త దగ్గర గట్టిగానే అంది. ఆయన నసిగాడు. చెల్లెలు మాత్రం "సరే వదినా" అని ఊరుకుంది. అప్పటికే ఆమె పాస్‌పోర్టు కూడా తీయించుకుంది పాపం.

తెల్లవారితే ప్రయాణం. బియ్యం, పప్పు, ఉల్లిపాయలు, మంచినీళ్ల డబ్బాలు సర్దడం అయిపోయింది. మిగిలింది మనిషి నీళ్లలో పడితే పైకి తీసే సాధన. ఇన్నాళ్లూ నీళ్లలోకి దిండు విసిరి దాన్నే తీసేవారు.

"దిండూ మీరూ ఒకటేనా? మీరే దిగండి," అంది వదిన భర్తతో.

కొండంత మనిషి పడవ పక్కన నీళ్లలోకి దిగి, స్పృహ తప్పినవాడిలా కళ్లు మూసుకుని తేలాడు. ఆమె కప్పి మీది తాడు తగిలించి లాగింది. నడుము దాకా లేచి ఆగిపోయాడు.

"రాత్రి రెండు ముద్దలు తక్కువ తినాల్సింది," అన్నాడు ఒక కన్ను తెరిచి.

"స్పృహ తప్పినవాళ్లు మాట్లాడరు. నోరు మూసుకోండి."

బరువు తేలికయ్యేలా తాడుకు ఇంకో కప్పి బిగించారు. ఈసారి ఆమె కాళ్లు తన్నిపెట్టి, అరచేతులు మండుతున్నా వదలకుండా లాగింది. ఆయన పైకొచ్చి దబ్బున పడవలో పడ్డాడు. పక్క పడవలోంచి మెకానిక్ చప్పట్లు కొట్టాడు.

ఆయన ఒకటే నవ్వు. ఆమె మాత్రం వెనక్కి తిరిగి చుక్కాని వైపు చూసింది. తను తాడు లాగుతున్నంతసేపూ అక్కడ ఎవరూ లేరు. పడవను రేవు గోడకు కట్టేశారు కాబట్టి అది బుద్ధిగా నిలబడింది. నడిసముద్రంలో గోడ ఎక్కడినుంచి వస్తుంది? ఆమె తాడు పట్టుకుంటే పడవ తన దారిన తను పోతుంది, చుక్కాని పట్టుకుంటే మనిషి పోతాడు.

"ఏమైందోయ్?" అన్నాడాయన.

"ఏం లేదు. తల తుడుచుకోండి," అని గట్టు ఎక్కింది. పడవలో వెళ్లేవాళ్ల పేర్లు రేవు ఆఫీసులో చెప్పడానికి సాయంత్రం దాకా గడువుంది.

ఆడపడుచు ఇల్లు రేవు వెనక వీధిలోనే. అంత చిన్న దూరం కూడా ఆమెకు తరగలేదు. వద్దన్న నోటితోనే రమ్మనడం కన్నా సముద్రం ఈదడం నయమనిపించింది.

ఆడపడుచు కుట్టుమిషను దగ్గర ఉంది.

"నువ్వు కూడా రావాలి," అంది వదిన, గుమ్మంలోనే నిలబడి.

ఆడపడుచు చేత్తో చక్రం ఆపింది. "అన్నయ్య పంపాడా?"

"ఆయనకు తెలీదు."

"ఇద్దరం చాలన్నావుగా?"

"అన్నాను. నువ్వుంటే ఆయన నీ వైపు చూసే పని చేస్తాడు. ఈ ఒక్కసారైనా నా వైపు చూస్తాడని ఆశపడ్డాను. కుళ్లే అనుకో. కానీ ఇవాళ ఆయన్ని నీళ్లలోంచి తీస్తుంటే చుక్కాని దగ్గర ఎవరూ లేరు. నిజంగా పడితే ఆయన కేకలు పెడుతుంటాడు, నేను చూస్తూ దూరమైపోతాను. అది నా వల్ల కాదు."

ఆడపడుచు కోప్పడితే బాగుండేది. ఆమె నిదానంగా అడిగింది.

"అన్నయ్య కోసం రమ్మంటున్నావు, బాగుంది. మరి నేను పడితే?"

అదేం మాట, నువ్వు నా చెల్లెలివి కాదా అనబోయి వదిన ఆగిపోయింది. ఈ మనిషితో అన్ని రోజులు ఒకే పడవలో ఉండాలి, అబద్ధంతో మొదలుపెడితే సాగదు. నీళ్లలో ఆడపడుచు ఉన్నట్టు, తాడు తన చేతిలో ఉన్నట్టు నిజంగానే ఊహించుకుంది.

"తిట్టుకుంటూ లాగుతాను," అంది చివరికి. "కానీ వదలను."

ఆడపడుచు ఫక్కున నవ్వింది. లేచి వచ్చి, తాడు కోసిన వదిన అరచేతులు తిప్పి చూసింది.

"ఈ చేతులతో తాడు పనేం చేస్తావుగానీ, రేపట్నుంచి చుక్కాని నువ్వు పట్టు. తాళ్లు మేం చూసుకుంటాం. తాళ్ల దగ్గరుండేవాళ్లు చుక్కాని పట్టినవాళ్ల వైపే కదా చూడాలి. అన్నయ్యా చూస్తాడు, నేనూ చూస్తాను."

వదినకు ఏడుపొచ్చింది. ఆడపడుచు ముందు ఏడవడం ఆమెకు అదే మొదలు.