ఖాళీ గది మీద నిలిచిన కెమెరా

జోసఫిన్ పెట్టె సర్దుకుంటోంది. మంచం నిండా పిస్తా ప్యాకెట్లు, మల్టీవిటమిన్ సీసాలు, పెళ్లికొడుకు కాబోతున్న తమ్ముడి కోసం కొన్న బూట్లు. తన బట్టలు మాత్రం నాలుగు జతలూ ఒక పట్టుచీరా, అంతే. గుమ్మంలో నిలబడి దెబోరా ఆ సర్దుడంతా ఫోన్‌తో వీడియో తీస్తోంది.

"రెండు వారాల ఇండియా ట్రిప్‌కి ఇంత షూటింగ్ అవసరమా వదినా?" అంది జోసఫిన్, బూటులోకి సాక్సు కుక్కుతూ.

"మాట్లాడకు. నేనిక్కడ లేననుకో."

"లేవనుకుంటే ఈ పెట్టె తూకం ఎవరు చూస్తారు?"

దెబోరా అమెరికాలో, డెట్రాయిట్ పక్కనున్న ఫార్మింగ్టన్ హిల్స్ దగ్గర ఒక హైస్కూల్లో టీచరు. సోషల్ స్టడీస్‌తో పాటు సినిమా క్లాసు ఒకటి చెబుతుంది. ఇంట్లో ఎవరైనా ఏదో ఒక మామూలు పని చేస్తుండగా కల్పించుకోకుండా తీసి తీసుకురమ్మని ఆ వారం పిల్లలకి పని ఇచ్చింది. పిల్లలకి ఇచ్చిన పని తను కూడా చేసి చూపించడం ఆమె అలవాటు. జోసఫిన్ ఆమె భర్త వినయ్ కుమార్‌కి చెల్లెలు. కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీరు. అయిదేళ్లుగా వీళ్లింట్లోనే, మేడ మీద గదిలో ఉంటోంది.

చిన్నప్పుడు ఈ వదినా ఆడపడుచుల్లో ఎవరూ సినిమా చూసి ఎరగరు. నరసాపురం దగ్గర పాస్టరుగా చేసిన దెబోరా తండ్రి దైవాశీర్వాదం, ప్రభువు వచ్చే వేళకి సినిమా హాల్లో కూర్చుని ఉంటే ఏం జవాబు చెబుతావని అడిగేవాడు. దెబోరా మొదటి సినిమా ముప్పై దాటాక, అమెరికా వచ్చాక, లైబ్రరీ నుంచి తెచ్చుకున్న డీవీడీలో చూసింది. పట్టపగలు కర్టెన్లు మూసుకుని మరీ చూసింది. ఆ తర్వాత లైబ్రరీలోని ఆ డీవీడీల అలమర అంతా వరసపెట్టి చూసేసింది: పాత నలుపు తెలుపు సినిమాలు, ఫ్రెంచివి, జపానువి, ఇరానువి, డాక్యుమెంటరీలు. నేర్పినవాళ్లు లేరు. తెర కింద పడే అక్షరాలు చదువుకుంటూ తనే నేర్చుకుంది. అయినా తెర మీద పేర్లు పడుతుంటే ఇప్పటికీ గుండెలో చిన్న అదురు. ఉండవలసిన చోట తను లేనట్టు, ఆ వేళకే ఎవరో తనను పిలుస్తున్నట్టు.

జోసఫిన్ వచ్చాక భయానికి తోడు దొరికింది. శనివారాలు ఇద్దరూ బేస్‌మెంట్‌లో కూర్చునేవారు. మీ సండే స్కూలు ఒకరోజు ముందే మొదలైందా అని వినయ్ కుమార్ పై నుంచి దెప్పేవాడు.

ఎన్ని చూసినా దెబోరాకి విడిపోయే ఘట్టాలే గుర్తుండేవి. పాత సినిమాల్లో అయితే రైలూ, ఆవిరీ, వయొలిన్లూ ముందే చెప్పేస్తాయి, మనం సిద్ధపడతాం. పరదేశపు సినిమాల్లో మనిషి తలుపు తీసుకుని వెళ్లిపోతాడు, కెమెరా ఆ తలుపునే చూస్తూ ఉండిపోతుంది. ఆమెను ఎక్కువగా కలవరపెట్టేవి డాక్యుమెంటరీలు. ఎవరో మనిషి బూటు తాడు కట్టుకుంటూ రాత్రికి వంటేమిటని అడిగి నవ్వుతాడు. తర్వాత నల్లటి తెర మీద, ఆయన ఆ చలికాలమే పోయాడని రెండు ముక్కలు పడతాయి. తాడు కట్టుకుంటున్నవాడికి ఆ సంగతి తెలియదు, చెప్పేవాళ్లూ లేరు. అలాంటిది చూసిన రోజున ఆమె తన వాళ్లందరికీ వరసగా ఫోన్లు చేసేది.

పాస్‌పోర్టు మేడ కింద మర్చిపోయానంటూ జోసఫిన్ గదిలోంచి వెళ్లింది. దెబోరా ఫోన్ దించలేదు. మంచం, తెరిచిన పెట్టె, కిటికీలో మంచు. షాట్ అక్కడ బాగుందనిపించి అలాగే పట్టుకుంది. మెట్ల మీద మళ్లీ అడుగులు వినబడేసరికి ఆపేసింది.

పెట్టె మూశాక వినయ్ కుమార్ దాని మీద చెయ్యి వేసి ప్రయాణ ప్రార్థన చేశాడు. ఆమెన్ అన్నాక దెబోరా మనసులో మాట ఆపుకోలేకపోయింది. జోసఫిన్ పాత వీసా స్టాంపు గడువు ఎప్పుడో అయిపోయింది. వెళితే అక్కడి అమెరికా కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకి నిలబడాలి, కొత్త స్టాంపు పడితేనే తిరిగి రావడం.

"వెళ్లకు జోసీ. పెళ్లి లైవ్‌లో చూద్దాం."

"తమ్ముడి పెళ్లి నీ బేస్‌మెంట్‌లో చూడమంటావా? సబ్‌టైటిల్స్ కూడా పెట్టించు."

ముగ్గురూ నవ్వారు. ఆమె వెళ్లింది.

తర్వాతి వారం దెబోరా ఆ వీడియో క్లాసులో వేసింది. కొందరు బాగుందన్నారు, కొందరు ఆవలించారు. గంట కొట్టాక, దెబోరా వాళ్ల వీధిలోనే ఉండే తెలుగమ్మాయి రియా ఆగింది. క్లాసులో ఇంగ్లీషే అయినా బయట ఆమెతో వచ్చీరాని తెలుగులో మాట్లాడుతుంది.

"ఆంటీ, ఆ అక్క మళ్లీ రాదు కదా?"

"ఎందుకు రాదు? రెండు వారాల్లో వచ్చేస్తుంది."

"ఓకే. కానీ ఆమె వెళ్లాక కూడా మీరు కెమెరా ఆపలేదు. మూవీలో అలా చేస్తే వాళ్లు రారు అని మీరే టీచ్ చేశారు."

చెప్పిన మాట నిజమే. తెర మీద ఇంకా నిలిచి ఉన్న ఆ గది బొమ్మని దెబోరా ఆపేసింది.

పెళ్లి బాగా జరిగింది. ఇంటర్వ్యూలో మాత్రం పాస్‌పోర్టు ఉంచేసుకుని, ఇంకా పరిశీలించాలి, కబురు చేస్తామన్నారు. కొన్నాళ్లు కంపెనీ అక్కడి నుంచే పని చేయనిచ్చింది. మొదట్లో జోసఫిన్ ఫోన్లో జోకులు వేసేది. జనవరి వెళ్లేసరికి వదినా ఏం వండావని అడిగి ఊరుకునేది. ఉద్యోగం పోయేలోగా స్టాంపు పడుతుందా అన్నదొక్కటే ఆ ఇంట్లో అందరి ఆలోచన, దాన్ని మాత్రం ఎవరూ పైకి అనేవారు కాదు.

దెబోరా శనివారాలు సినిమాలు మానేసింది. వినయ్ కుమార్ ఒకసారి బతిమాలి కూర్చోబెడితే, తెర మీద ఎవరు గది దాటినా ఆమె ఆ తలుపు వైపే చూసింది. పావుగంటకి లేచి వచ్చేసింది. ఆ వీడియో మాత్రం ఒంటరిగా మళ్లీ మళ్లీ పెట్టుకునేది. నిజానికి జోసఫిన్ ఆ రోజు పాస్‌పోర్టు పట్టుకుని, మెట్లను తిట్టుకుంటూ పైకి వచ్చింది, పెట్టె మీద కూర్చుని జిప్పు లాగింది. అదేదీ వీడియోలో లేదు. దెబోరాయే అంతకు ముందే ఆపేసింది. ఇంకొక్క క్షణం పట్టుకుని ఉంటే ఆ మనిషి గదిలోకి తిరిగి వచ్చి ఉండేది. ఇదంతా తెలివితక్కువ ఆలోచన అని ఆమెకి తెలుసు. పిల్లలెవరైనా అలా రాస్తే పక్కన గీత పెట్టేది. అయినా రోజంతా అదే ఆలోచన.

ఏప్రిల్‌లో కంపెనీ ఇక ఆగలేమంది. ఆ వారమే జోసఫిన్ ఫోన్ చేసింది.

"గది ఖాళీ చేసెయ్యి వదినా. చర్చిలో ఎవరైనా ఇండియా వస్తుంటే కొంచెం కొంచెంగా పంపించు."

"ఇంకో నెల చూద్దాం జోసీ."

"చూసింది చాలు."

అలా ఆమె సామాను ఊళ్లోవాళ్ల పెట్టెల్లో మూలకో రెండు కిలోల చొప్పున వెళ్లిపోయింది. చలికోటు ఎవరూ పట్టుకెళ్లలేదు, అక్కడ దానితో పని లేదు. వేసవిలో ఆమె చెన్నైలో ఉద్యోగంలో చేరింది.

జోసఫిన్ రెండు వేల ఇరవై నాలుగు డిసెంబరులో డెట్రాయిట్‌లో విమానం ఎక్కింది. మళ్లీ రాలేదు.