మేకు లేని స్టూలు

వీధిలో సెలూన్ నడిపే ఆవిడను అందరూ కత్తెరక్క అనేవారు. ఎవరి తల చూసినా అది తన కత్తెర కోసమే పుట్టిందనుకునే మనిషి. అలాంటి మనిషికి మోకాళ్ళు మొరాయించాయి. రోజంతా నిలబడే పని కదా, సాయంత్రానికి గోడ పట్టుకుని నడవాల్సి వచ్చేది. పక్కన చెప్పులమ్మే ఆయన, సెలూన్ గది తనకిచ్చేస్తే మధ్యగోడ తీసేసి కొట్టు పెద్దది చేసుకుంటానని ఎప్పటినుంచో అడుగుతున్నాడు. మోకాళ్ళకు మంచిదని చెల్లెలు తెచ్చిన కొలాజెన్ పొడి డబ్బా అయిపోయేలోగా నొప్పి తగ్గకపోతే తాళం ఆయన చేతిలో పెట్టేస్తానని అక్క ఇంట్లోనూ, ఆయనతోనూ చెప్పింది. చెప్పినంత తేలిక కాదది. తలుచుకుంటేనే ఆవిడకు ఏడుపొచ్చేది.

ఆవిడ భర్త పాత కుర్చీలు బాగుచేస్తాడు. ఒక్క మేకూ కొట్టడు. తోలూ ఎముకలూ ఉడికించి తీసిన జిగురు పలుకుల్ని వేడినీళ్ళలో కరిగించి పూస్తాడు. మేకు కొట్టడమంటే చెక్కను అవమానించడమే అంటాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. పశువుల తోలూ ఎముకల నుంచే తీసే ఆ పొడిని అక్క పొద్దున్నే కలుపుకుని తాగుతుంటే, నీ డబ్బాలోదీ నా గిన్నెలోదీ ఒకే తాను ముక్కలని ఏడిపించేవాడు. ఏడిపిస్తూనే ఆవిడ కోసం ఎత్తైన స్టూలొకటి చేయడం మొదలుపెట్టాడు. కూర్చుని కత్తిరిస్తే చెయ్యి కుదరదని ఆవిడ మూతి తిప్పింది.

స్టూలు సెలూన్‌కి వచ్చిన రోజు, చూద్దామని చెల్లెలు ముందు తానే ఎక్కి కూర్చుంది. మూడు కాళ్ళూ మూడు దిక్కులకు పోయాయి. కింద తువ్వాళ్ళ కుప్ప ఉండబట్టి పరువుకు తప్ప ఒంటికి దెబ్బ తగల్లేదు.

భర్త ఊడిన కాలు చేతిలోకి తీసుకుని అసలు సంగతి చెప్పాడు. జిగురు అయిపోయిందట. బజారుకు వెళ్ళడానికి బద్ధకించి, రెండూ తోలూ ఎముకల సరుకేగా అని వంటింట్లోని అక్క పొడి డబ్బాలోంచి తీసి, కలిపి పూశాడట.

"నా మోకాళ్ళ మందు స్టూలుకి రాశారా?" అంది అక్క.

కుర్చీలో సగం జుట్టు కత్తిరించుకుని కూర్చున్న ఫిజియోథెరపిస్టుకు నవ్వాగలేదు. ఆ అమ్మాయి ఎప్పుడూ ఇక్కడికే వస్తుంది. నీళ్ళలో ఇట్టే కరగడానికి ఆ పొడిని మరీ చిన్నచిన్న తునకలు చేసేస్తారనీ, అందుకే దానికి జిగురు పట్టు ఉండదనీ చెప్పింది.

అక్క కత్తెర పక్కన పెట్టింది. "అయితే నా మోకాళ్ళకీ పట్టదా?"

"అది నేరుగా వెళ్ళి మోకాలికి అతుక్కోదక్కా. కడుపులో అరిగి, ఒంటికి ఎక్కడ కావాలంటే అక్కడికి పోతుంది. నెలల తరబడి తాగితే కొందరికి నొప్పి కొంచెం తగ్గుతుందంటారు. తాగు, కాదనను. కానీ నీ బరువు మోయాల్సింది తొడ కండ. దానికి పని చెప్పు, ఈ నిలబడటం తగ్గించు."

కూర్చున్నచోటే కాలు చాచి కాసేపు నిలపడం ఎలాగో అప్పుడే చేసి చూపించింది. మిగతా సగం తల ఆ తర్వాతే పూర్తయింది.

భర్త మర్నాడే బజారుకు పరుగెత్తి అసలు జిగురు తెచ్చాడు. ఈసారి స్టూలెక్కి తానే కూర్చుని, ఊగి, ఎగిరి చూసి మరీ తెచ్చి ఇచ్చాడు. మొదట్లో అక్క చెయ్యి కాస్త తడబడింది. తర్వాత కత్తెరే దారి కనుక్కుంది. ఒక తలకూ ఇంకో తలకూ మధ్య కాలు చాచి నిలిపేది. నొప్పి పూర్తిగా పోలేదు గానీ, ఇంటికెళ్ళేటప్పుడు గోడ మాత్రం అక్కర్లేకపోయింది. చెల్లెలి మనసు నొప్పించడమెందుకని పొడి కూడా మానలేదు.

డబ్బా అడుగంటిన వారం చెప్పులాయన తాళం కోసం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. స్టూలు మీద కూర్చున్న అక్క చాచిన కాలు దించలేదు. చాలా రోజుల తర్వాత ఆవిడకు ప్రాణం హాయిగా ఉంది. ఆయన తలను అటూ ఇటూ చూసింది.

"తాళం ఇవ్వను గానీ, ఆ కుర్చీలో కూర్చోండి. జుట్టు బాగా పెరిగిపోయింది."