కంచెకవతలి సగం

ఒంటరిగా జపమాల చెప్పుకునే మనిషి రెండు సగాలూ తానే చెప్పుకుంటే అది ప్రార్థన అవుతుందా, తనలో తాను గొణుక్కోవడం అవుతుందా? ఈ అనుమానం కిత్తేరియమ్మను పట్టుకుని ఇరవై రెండేళ్ళయింది. ఎవరినీ అడగలేదు. ఫాదరును అడిగితే నవ్వుతాడు. తోటి చేపల బేరగత్తెలను అడిగితే ముసలిదానికి చాదస్తం ముదిరిందంటారు. అందుకని తలమీది తట్టతో పాటు దాన్నీ మోసుకుంటూ తిరిగింది.

ఆ మధ్యాహ్నం సంత అరుగు మీద కూర్చుని అదే ఆలోచిస్తోంది. పొద్దున తీరంలో వేలంలో తొమ్మిది వందలకు పాడుకున్న కవళ్ళ చేపలు ఇంకా మూడో వంతు మిగిలే ఉన్నాయి. ఐసు కరిగి తట్ట అడుగున ఎర్రనీళ్ళయింది. పది గంటలకు వందకు ఇరవై చేపలిచ్చింది, పన్నెండుకు ముప్పై. ఇప్పుడు నలభై ఇస్తానన్నా ఆగేవాళ్ళు లేరు. తట్టకు ముప్పై రూపాయల టికెట్టు కొట్టి కూడా కండక్టరు "వెనక్కి పో, వాసన" అని తోసినప్పుడే అనుకుంది, ఈ రోజు వంకరగానే నడుస్తుందని.

పక్కన లిల్లీపుష్పం కూర్చుని ఉంది. ఇద్దరిదీ ఒకే ఊరు, సిలువైతురై. పదేళ్ళుగా ఒకే బస్సు, ఒకే అరుగు.

"ఏందే లిల్లీ, పొద్దుట్నుంచి బెల్లం కొట్టిన రాయిలా కూచున్నావు?"

"పన్నునొప్పక్కా."

"నిన్న రొయ్య తలకాయలు పరపరా నమిలినప్పుడు లేదే నొప్పి!"

లిల్లీ నవ్వలేదు. చేపల మీద నీళ్ళు చల్లి, రెండింటికే తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఎప్పుడూ "అక్కా, ఒక చెయ్యి పట్టు" అనేది. ఈ రోజు అనలేదు.

కిత్తేరి ఊరు చేరేసరికి నాలుగున్నర. మిగిలిన చేపల్ని కోళ్ళ మేత వాడికి అరవై రూపాయలకు పోసేసింది. అన్నీ పోను చేతిలో మిగిలింది నూట పది. గుమ్మంలో ఊరి చాటింపు వేసే మెల్కియాసు తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"సాయంత్రం గంట కొట్టినాక కమిటీ నిన్ను రమ్మనిందక్కా."

"ఎందుకంట?"

"నాకేం తెలుసు. నేను డప్పునే గానీ పాట కాదుగా." ముసలాయన ఒకసారి పక్కింటి వైపు చూసి, చప్పున తల తిప్పుకున్నాడు.

కిత్తేరికి అర్థమైంది.

ఆమె ఇంటికీ జసింత ఇంటికీ మధ్య తాటాకుల కంచె. ఇరవై రెండేళ్ళ కిందట కిత్తేరి మొగుడు సముద్రం మీదికి వెళ్ళి తిరిగి రాలేదు. పిల్లలు లేరు. ఆ కొత్తలో ఆరు నెలలు ఆమె ఒక్కతే జపమాల పట్టుకుని కూర్చునేది. మరియమ్మకు వందనం చెప్పే మొదటి సగం బాగానే సాగేది. "పాపులమైన మా కొరకు" అని వేడుకునే రెండో సగం దగ్గర నాలుక ఆగేది. ఇంట్లో ఉన్నది ఒక్క మనిషి. మా అంటే ఎవరెవరు? అలా ఆగిన ఒక సాయంత్రం కంచె అవతలి నుంచి ఒక గొంతు ఆ సగం అందుకుంది.

"నీ సగం నువ్వు చెప్పక్కా, నా సగం నాకొదిలెయ్. మొత్తం నువ్వే తింటే ఎట్టా?" అంది జసింత.

అప్పటి నుంచి ఒక సాయంత్రం ఒకరు మొదలుపెడితే మరుసటి సాయంత్రం రెండోవారు. జ్వరాలొచ్చాయి, తుపానులొచ్చాయి. కంచె దాటి వచ్చిన కోడి గురించి ఇద్దరూ తిట్టుకుని మాటలు మానుకున్న రోజులూ ఉన్నాయి. ఆ రోజుల్లోనూ సగానికి సగం అందుతూనే ఉండేది.

పోయిన ఏడాది జసింత ఒక్కగానొక్క కొడుకు సగాయం, యేసడియాన్ బోటు మీద పనికి వెళ్ళి, వల లాగే యంత్రంలో తాడు చుట్టుకుని చనిపోయాడు. యేసడియాన్ ఊరి కమిటీకి పెద్ద. పూడ్చిన నాలుగో రోజున కమిటీ కూర్చుని, ఆ ప్రాణానికి డెబ్బై వేలని తీర్పు చెప్పింది. జసింత ఆ డబ్బు ముట్టుకోలేదు. నాగర్‌కోవిల్ వెళ్ళి కోర్టులో కాగితం పెట్టింది. ఊరి మాటను ఊరు దాటించింది గనుక ఆ ఆదివారమే ఆమెను వెలివేశారు. ఆమెతో ఎవరూ మాట్లాడకూడదు, ఉప్పూ నిప్పూ ఇవ్వకూడదు. మాట్లాడిన వారికి మూడు వేలు జరిమానా, విని వచ్చి కమిటీకి చెప్పిన వారికి అందులో సగం ఇనాం.

పదకొండు నెలలు గడిచాయి. జసింత ఉప్పు కోసం కూడా మూడు మైళ్ళు నడిచి పక్క ఊరికి వెళుతుంది. గుడికి వస్తుంది, ఆఖరి వరసలో ఒక్కతే కూర్చుంటుంది. ఆ వరస అంతా ఆమెదే. కంచెకు ఇవతల కిత్తేరి పెదవులు మాత్రం కదిలిస్తూ రెండు సగాలూ తానే చెప్పుకుంటూ వచ్చింది.

నిన్నటికి కిత్తేరి మొగుడు పోయి సరిగ్గా ఇరవై రెండేళ్ళు. కొవ్వొత్తి వెలిగించి కూర్చుంటే, పాత అలవాటున మొదటి సగం గట్టిగా నోటినుంచి వచ్చేసింది. నాలుక కరుచుకుంది. అంతలో కంచె అవతల, చాన్నాళ్ళుగా వాడని తలుపు కిర్రుమన్నట్టు ఒక గొంతు లేచి రెండో సగం చెప్పింది. కిత్తేరి ఊరుకుని ఉండొచ్చు. ఊరుకోలేదు. యాభై పూసలూ పూర్తయ్యాయి. అక్కా అని గానీ, చెల్లీ అని గానీ ఒక్క మాట దొర్లలేదు. చివర జసింత దగ్గింది, అంతే.

గుడి పక్కన కమిటీ వరండాలో ఏడు ప్లాస్టిక్ కుర్చీలు. ఆఖరి కుర్చీలో ఫాదర్ అరుళప్పన్. ఆయన ఈ ఊరికొచ్చి ఏడాదిన్నర. మెట్ల కింద ఆడవాళ్ళు, వాళ్ళ వెనక లిల్లీ.

"కూచో కిత్తేరక్కా," అన్నాడు యేసడియాన్.

"నిలబడతాలే తమ్ముడూ. చేపలు పోక పొద్దుట్నుంచి కూచునే ఉన్నా."

ఒకరిద్దరు నవ్వారు. యేసడియాన్ కూడా నవ్వాడు. అతను కసిరే మనిషి కాదు. "నిన్న సాయంత్రం జసింతతో మాట్లాడినావంట."

"మాట్లాడలా."

"విన్నోళ్ళు ఉండారు."

"ఏం విన్నారో చెప్పమను."

లిల్లీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "జపమాల," అంది నేలను చూస్తూ.

"అదే మరి. నేను మాట్లాడింది మరియమ్మతో. జసింత మాట్లాడిందీ మరియమ్మతోనే. మా ఇద్దరికీ మాటల్లేవు."

లెక్కలు చూసే అంతోణిముత్తు తొడ చరిచాడు. "ఓహో! అయితే మరియమ్మ వచ్చి తాటాకు కంచె మీద కూచుని ఇద్దరి మధ్యా మాటలు మోసిందన్నమాట!"

వరండా అంతా గొల్లుమంది.

"ఆయమ్మ పనే అది గదయ్యా," అంది కిత్తేరి. "మన మాట కొడుకు దాకా మొయ్యమనే గదా గుళ్ళో రోజూ అడుక్కునేది."

నవ్వు ఆగింది. ఎవరో సర్దుకుని కూర్చున్నారు, ప్లాస్టిక్ కుర్చీ కీచుమంది.

"ఒకరు సగం చెప్పి ఇంకొకరు సగం చెబితే అది మాట్లాడుకోవడం కాకపోతే ఏంది? సామి చెప్పాల," అన్నాడు అంతోణిముత్తు.

అందరూ ఆఖరి కుర్చీ వైపు చూశారు. ఫాదర్ చేతిలోని గుడి తాళాలు అటూ ఇటూ తిప్పాడు. "ప్రార్థన ప్రార్థనే," అన్నాడు. తాళాలు ఒళ్ళో పెట్టుకుని, "కానీ ఊళ్ళో గొడవ లేకుండా ఉండటం కూడా ముఖ్యమే అమ్మా. మనసులో చెప్పుకున్నా తల్లి వింటుంది," అన్నాడు.

"తల్లి వింటది సామీ. జసింతకి వినపడదు గదా."

అన్నాక గానీ తెలియలేదు ఏమన్నదో. యేసడియాన్ ముందుకు వంగాడు.

"అంటే జసింతకి వినపడాలనే చెప్పినావు."

ఇప్పుడు కాదనొచ్చు. అలవాటున నోరు జారిందంటే వదిలేసేలాగే ఉన్నారు. ఫాదర్ కూడా తల ఎత్తి, ఆ మాట కోసమే చూస్తున్నట్టున్నాడు. కానీ ప్రార్థన చెప్పిన గొంతుతోనే అబద్ధం ఎలా చెప్పడం? నిన్న అదే నోటితో యాభై సార్లు వందనం చెప్పింది.

"మొదటిది పొరపాటున వచ్చింది తమ్ముడూ. తక్కిన నలభై తొమ్మిదీ వినపడాలనే చెప్పినా."

యేసడియాన్ మెల్లగా లేచాడు. "పెద్దదానివి, నీ దగ్గర మూడు వేలు గుంజితే నాకు అన్నం సయించదు. డబ్బొద్దు. రేపు పొద్దున వేలం దగ్గర నలుగురి ముందూ తప్పయిందని ఒక్క మాట చెప్పు, చాలు. చెప్పలేదనుకో, ఇక తీరంలో నీ తట్ట కనపడకూడదు. నీది కూడా ఆ ఇంటి లెక్కే."

వేలం లేకపోతే చేపలు లేవు. చేపలు లేకపోతే నూట పది కూడా లేదు. యాభై ఎనిమిదేళ్ళ వయసులో ఇంకో పని ఇచ్చేదెవరు? ఒక్క మాట. ఒక్క మాట ఎంత తేలికో కిత్తేరికి ఇంటిదాకా తెలుస్తూనే ఉంది.

గుమ్మంలో కూర్చుని, కర్రపెండలం ముక్కలు ఉప్పు నీళ్ళలో ఉడకబెట్టుకుని తింది. తర్వాత జపమాల తీసి మొదటి సగం గట్టిగానే చెప్పింది. ఆగింది. కంచె అవతల మనిషి ఉంది. తాటాకుల సందున చీర రంగు కనబడుతోంది. జవాబు లేదు. మళ్ళీ చెప్పింది. లేదు. సంగతి జసింత చెవిన పడింది. కిత్తేరి తట్ట కోసం తన నోరు కట్టేసుకుని కూర్చుంది.

అప్పుడు తెలిసింది కిత్తేరికి, జవాబు రాకపోతే ఎలా ఉంటుందో.

వెలి చాటించిన ఆదివారం సాయంత్రం మొదలుపెట్టే వంతు జసింతది. కొడుకును పూడ్చి రెండు వారాలు కూడా కాలేదు. ఆమె మొదటి సగం చెప్పి ఆగింది. ఇవతల కిత్తేరి దీపం ఊదేసి, కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. రెండో సగం చెప్పడానికి ఎంతసేపు పడుతుందో సరిగ్గా అంతసేపు ఆగి, జసింత మళ్ళీ మొదలుపెట్టింది. అలా పది పూసలు. పదోదాని తర్వాత ఇంక ఆ గొంతు లేవలేదు. చింతపండు గానీ, అగ్గిపెట్టె గానీ, కంచె మీదుగా తీసుకున్నది రెండో రోజుకల్లా తిరిగిచ్చే మనిషి కిత్తేరి. ఆ పది సగాలు మాత్రం పదకొండు నెలలుగా బాకీగా ఆమె దగ్గరే ఉండిపోయాయి.

తెల్లవారింది. కిత్తేరి తట్ట తోమి ఇంటి ముందు బోర్లించింది. కంచె సందున కాకుండా వీధిలోంచే నడిచి వెళ్ళి జసింత ఇంటి మెట్టు మీద కూర్చుంది. వేలానికి వెళ్ళే ఆడవాళ్ళు తట్టలతో అప్పుడే వీధిలోకి వస్తున్నారు.

తలుపు సగం తెరుచుకుంది. జసింత చిక్కిపోయింది. కంచె సందుల్లోంచి అంత తెలియలేదు.

"లేచి పో అక్కా," అంది గొంతు తగ్గించి. "వేలం మొదలైపోద్ది. పదిమందీ చూస్తా ఉండారు."

"చూడనీ."

"నా కోసం నీ పొట్ట కొట్టుకోమాక. నేనేమైనా అడిగినానా నిన్ను?"

"అడిగినావు. పదిసార్లు అడిగినావు. నేనే పలకలా."

జసింత తలుపుకు నుదురు ఆనించి నిలబడింది.

కిత్తేరి జపమాలలో మొదటి పూస పట్టుకుంది. మొదటి సగం చెప్పలేదు. అది పదకొండు నెలల కిందటే జసింత చెప్పేసింది. రెండో సగమే చెప్పింది, సంతలో చేపల ధర అరిచే గొంతుతో. వీధిలో నడకలు నెమ్మదించాయి. రెండోది. మూడోది. లిల్లీ తట్ట చంకన పెట్టుకుని నిలబడిపోయింది. ఎవరో ఆమె మోచెయ్యి పట్టి లాక్కుపోయారు. తీరంలో వేలం గంట మోగేసరికి వీధి ఖాళీ అయింది.

ఏడో పూస దగ్గర మెల్కియాసు రొప్పుతూ వచ్చాడు. ప్రార్థన నడుస్తోందని చూసి తలకు చుట్టిన తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎనిమిదోది అయ్యేదాకా ఆగాడు.

"పెద్దాయన కనుక్కోమన్నాడక్కా. వచ్చి ఆ మాట చెప్తావా అని. నువ్వు వస్తావని వేలం పాట ఆపి ఉంచినాడు."

"చెప్పనని చెప్పు."

"ఇంకోసారి ఆలోచించుకో. నేను నిదానంగా నడుచుకుంటా పోతాలే."

"నిదానంగానే పో మెల్కీ. మాట మాత్రం అదే చెప్పు."

ముసలాయన తువ్వాలు మళ్ళీ తలకు చుట్టుకోకుండానే వెనక్కి తిరిగాడు. కొంతసేపటికి తీరం వైపు నుంచి పాట మొదలైంది. కవళ్ళు, ఎనిమిది వందలు, ఎనిమిదీ యాభై.

కిత్తేరి తొమ్మిదో పూస జరిపింది. జసింత తలుపు దగ్గరి నుంచి కదల్లేదు. పదోది చెప్పి ఆమెన్ అనేసరికి కిత్తేరి గొంతు పూర్తిగా బొంగురుపోయింది. ఆ పూటకు ఆమె దగ్గర బాకీ ఏమీ లేదు.