చెలమ ఒడ్డున చేపపేగులు

వాకాటికి తూర్పున మా పల్లె దగ్గర బకింగ్‌హాం కాలవలో ఒక తెల్లదొర పడవ కట్టుకొని రెండు నెలలు కాపురమున్నాడు. 1961 ఎండాకాలం అది. మద్రాసులో ఏదో కంపెనీలో ఉద్యోగమట. సెలవు దొరికితే మిగతా దొరల్లాగా కొండ ఊళ్లకు పోక, సరుకు పడవ ఒకటి బాడుగకు తీసుకొని, దాని మీద తాటాకు గది వేయించుకొని, పక్షులను చూడడానికి భార్యతో వచ్చాడు. పొద్దున లేస్తే దుర్భిణి, సాయంత్రమైతే గాలం. పట్టిన చేపను ఒక చెక్క మీద కోసేవాడు. ఆ చెక్క మీదనే రొట్టె కోసుకొని తినేవారు. కుక్క నాకిన గిన్నెను దొరసాని గుడ్డతో తుడిచి మళ్లీ బల్ల మీద పెట్టేది. నేను రోజూ పాలు పోయడానికి పోయేవాణ్ణి. పోసి, ముఖం పక్కకు తిప్పుకొని వచ్చేవాణ్ణి. వాళ్లు చెడ్డవాళ్లని అనను. కసిరిన మాట ఒక్కటి వినలేదు. అయినా నా కడుపు వాళ్ల మంచితనాన్ని లెక్కచేసేది కాదు.

కాలవ నీళ్లు ఉప్పు. మా ఇరవై ఇళ్లకు తాగేందుకు ఉన్నది గట్టు అవతల ఇసుకలో తవ్విన ఒక్క చెలమ. మోకాలి లోతు గుంట. అడుగున ఊరే తియ్యటి నీళ్లను ఆడవాళ్లు ఒడ్డున మోకాళ్ల మీద కూర్చొని ముంతతో తోడుకుంటారు. అందులో ఎవరూ కాలు పెట్టరు. చెప్పులు దూరంగా విడిచి వస్తారు. అది చెడితే మంచినీళ్లకు మైలున్నర నడవాలి. దొరకు ఆ సంగతి తెలియదు. ఆయన తాగే నీళ్లు వాకాటి నుంచి పీపాల్లో వచ్చేవి.

మా నాయన తద్దినం నాడు చెలమకు కొంచెం ఎడంగా విస్తరాకులో పిండం పెట్టి కాకుల కోసం నిలబడ్డాను. దొర పడవలోంచి చూసి, వంటవాడు హెబ్రోనును వెంటబెట్టుకొని దిగి వచ్చాడు. హెబ్రోనుది నెల్లూరు. మిషన్ బడిలో చదివినవాడు, ఇంగ్లీషు బాగా వచ్చు.

"పిట్టలకి అన్నం ఎందుకు పెడతా ఉండావని అడగతన్నాడన్నా" అన్నాడు.

కాకి రూపాన మా నాయన వస్తాడని పరాయివాడికి ఎట్లా చెప్పేది? నవ్వుతాడేమోనని సిగ్గుపడ్డాను.

"అవి తింటే మాకు తృప్తి అని చెప్పు."

హెబ్రోను ఆ మాటే చెప్పాడు. దొర ముఖం వెలిగిపోయింది. నా చెయ్యి పట్టుకొని గట్టిగా ఊపాడు. ఆ చేతికి చేప నీచు. కాకి ఇంకా ముట్టకముందే నేను మళ్లీ స్నానానికి పోవలసి వచ్చింది.

నాలుగో రోజు పొద్దున నా భార్య వెంకటశేషమ్మ ఖాళీ బిందెతో తిరిగి వచ్చింది.

"ఏమయ్యా, చెలమ కాడికి పోయి చూసిరా. నువ్వు పాలుపోసే పుణ్యాత్ముడు చేసిన పని" అంది.

పోయి చూశాను. చెలమ చుట్టూ చేప తలకాయలు, పేగులు, కోడి బొచ్చు. ఎండకు ఉబ్బి, ఈగలు ముసిరి, పచ్చగా కారుతున్నాయి. పట్టపగలే ఒక నక్క. గద్దలకు లెక్కలేదు. కనబడితే నేను చెంపలు వేసుకొనే గరుడపక్షి ఒక పేగును కాలికింద తొక్కిపట్టి లాగుతోంది. దాని రెండో కొస నీళ్లలో ఉంది. నీళ్ల మీద జిడ్డు తేలుతోంది. నోట్లో ఉమ్మి ఊరింది, ఉమ్మేశాను, మళ్లీ ఊరింది. అవతల పడవ మీద దొర కుర్చీ వేసుకొని దుర్భిణిలో చూస్తూ పుస్తకంలో రాసుకుంటున్నాడు. నన్ను చూసి సంతోషంగా చెయ్యి ఊపాడు.

పక్కింటి రాఘవమ్మ, నెలలు నిండిన ఆమె కోడలు, ఇంకా నలుగురు ఆడవాళ్లు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని నిలబడ్డారు.

"ఏందన్నా, నీ స్నేహితుడు బంతి వేసినాడు. మేము గూడా కూర్చోవాల్నా?" అంది రాఘవమ్మ. "నువ్వు చెప్పకపోతే ఎవురు చెప్తారు? ఈ పిల్ల మైలున్నర బిందె మోస్తాదా?"

పడవ ఎక్కాను. నేను నోరు తెరవకముందే దొర పుస్తకం చూపించి ఏదో లెక్క చెప్పాడు.

"నలభైరెండు గద్దలంట" అన్నాడు హెబ్రోను. "పక్షులు తింటే మీకు తృప్తి అని నువ్వే చెప్పినావు గదన్నా. మీ ఆచారమే తనూ చేస్తన్నానంటన్నాడు. మూడు రోజుల చెత్తంతా పోగేసి రాత్రి నాచేతే మోయించినాడు."

"ఆ నీళ్లు మేము తాగతామని నువ్వన్నా చెప్పకూడదా?"

"నాకేం తెలుసన్నా? గొడ్లు తాగే గుంట అనుకున్నా."

నా సిగ్గు ఎంత దూరం పోయిందో అప్పుడు తెలిసింది. "అది మా నాయన పిండం అని చెప్పు, హెబ్రోనూ. అది పిట్టల ఆకలి కాదు, పోయినోళ్ల ఆకలి. ఆ గుంట మా ఊరి మంచినీళ్ల కుండ. అదీ చెప్పు."

వింటూ ఉండగానే దొర ముఖం పాలిపోయింది. ఒక్క గంతులో గట్టు దిగి పరుగెత్తి, బూట్లతోనే చెలమలో దూకాడు. రెండు చేతులతో పేగులు దోసి బయటికి విసరసాగాడు.

"అయ్యయ్యో! దిగబాక దొరా, దిగబాక!" ఆడవాళ్లంతా ఒక్కసారి అరిచారు.

ఆయన చెలమ నీళ్లలో నిలబడి, ఇప్పుడేం తప్పు చేశానా అన్నట్టు మా ముఖాలు చూశాడు. గడ్డం నుంచి నల్లనీళ్లు కారుతున్నాయి.

"అయిపోయినాది" అంది రాఘవమ్మ. "పేగులు తీసేస్తే కొత్త నీళ్లన్నా ఊరేటివి. బూట్లు తొక్కినాక ఊరినా ఎవురు తాగతారు?"

ఇంకొకటి తవ్వడం తప్ప దారి లేదు. దొర పడవలోంచి పార తెచ్చాడు. ఎవరినీ ముట్టనివ్వలేదు, తనే తవ్వాడు. మొదటి గుంట ఉప్పు. రెండోది చవుడు. మూడోది ఈతచెట్టు పక్కన. మధ్యాహ్నం దాటాక అడుగున తేట నీళ్లు ఊరాయి. దొర దోసిట పట్టి రుచి చూసి పెద్దగా నవ్వాడు. నవ్వి, దూరంగా పోయి నిలబడ్డాడు.

ఒక్క ఆడమనిషీ కూర్చోలేదు.

"ఆవును తినే చెయ్యి పెట్టినాడు" అని గొణిగింది రాఘవమ్మ. అందరూ నా వైపు చూశారు. పల్లెలో ఏకాదశి నాడు పస్తుండేది నేనొక్కణ్ణే. నేను తాగితే వాళ్లు తాగుతారు. తాగకపోతే రేపటి నుంచి మైలున్నర. రాఘవమ్మ కోడలు బిందెను నడుం మీది నుంచి దించి ఇసుకలో పెట్టి, చెయ్యి వీపుకు ఆనించుకొని నిలబడింది.

దొర గోళ్లలో చేప పొలుసు మెరవడం నాకు ఇంత దూరానికీ కనబడింది. భూమిలో నీళ్లు ఊరించింది దేవుడు. వాటిని పైకి తెచ్చినవి ఈ గోళ్లు. ఇందులో ఏది పెద్దది? నన్ను నేనే అడిగాను. జవాబు కోసం ఆగితే పొద్దు గుంకుతుంది. మోకాళ్ల మీద కూర్చొని, ముంత ముంచి, కళ్లు మూసుకొని తాగాను. తియ్యగానే ఉన్నాయి. అదే నాకు మరీ అసహ్యమనిపించింది.

నేను లేచాక ముందు ఆ కోడలు కూర్చుంది.

మూడో రోజు పడవ వెళ్లిపోయింది. అప్పటి నుంచి పల్లెంతా ఆ కొత్త చెలమ నీళ్లే తాగింది, మా ఇల్లూ అంతే. వెంకటశేషమ్మ మాత్రం దేవుడి చెంబుకు నీళ్లు మైలున్నర దూరం పోయి తెచ్చేది.

"నేను తాగినవి ఆయన తాగడా?" అని అడిగాను ఒకనాడు.

"నువ్వు ఆ పొద్దు ఇంటికొచ్చి దొడ్లో కక్కుకోలా? నేను చూళ్లేదనుకున్నావా?" అంది. "ఆయనకేం ఖర్మ?"

ఆ ఎండలో ఆమె అంత దూరం నడవడం చూడలేక, చెంబు ఆమె చేతిలోంచి తీసుకొని నేనే బయల్దేరాను.