నాచు అని రాసిన ఫోటోలు

ఫలక్‌నుమా స్టేషన్ వెనక సందులో, కింద బీరువాలు చేసే వర్క్‌షాపు, పైన రెండో అంతస్తులో సుచరిత పనిచేసే ఆఫీసు. ఎనిమిది కంప్యూటర్లు, ఎనిమిది మంది ఆడపిల్లలు. పొద్దస్తమానం వాళ్ళు చూసేది సముద్రం అడుగు. సముద్రంలో ఎక్కడ ఏ ప్రాణులున్నాయో లెక్క తీసే పరిశోధన సంస్థ ఒకటి, నీళ్ళలో మునిగి తీసిన ఫోటోలు పంపుతుంది. కనిపించిన ప్రతిదాని చుట్టూ గడి గీసి, చేపా, నాచా, రాయా, చెత్తా అన్నది రాయాలి. చెత్త ఎక్కువని తేలిన చోటికి పడవ పోయి శుభ్రం చేసి వస్తుంది. ఆ ఎనిమిది మందిలో సముద్రాన్ని కళ్ళారా చూసినవాళ్ళు ఒక్కరూ లేరు.

సుచరిత మాత్రం జువాలజీ చదివింది. లాల్‌దర్వాజాలో వాళ్ళింట డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి. "మా బిడ్డ సముద్రం మీద రీసెర్చ్ చేస్తది" అని నాన్న మైసయ్య గల్లీ అంతా చెప్పుకున్నాడు. ఆఫీసులో ఎవరికి అనుమానం వచ్చినా కుర్చీ ఆమె వైపే తిప్పేవాళ్ళు. ఆగస్టులో ఫోటోల నిండా గోధుమరంగు కుప్పలు వచ్చినప్పుడు కూడా అంతే.

"అక్కా, ఇదేంది?" అని స్వీటీ అడిగితే, సుచరిత ఒక్క నిమిషం చూసి "నాచు" అంది. ఆ నాచే పదకొండు వందల నలభై ఫోటోలకు ఎక్కింది.

అక్టోబరులో ఒకరోజు అన్నాలవేళ, బిల్డింగు వాచ్‌మన్ ఇస్సాకు రెండింటికి కరెంటు తీస్తారని చెప్పడానికి పైకొచ్చాడు. సముద్రం ఒడ్డున ఉప్పాడ వైపు మనిషి. కొడుకు దగ్గరికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. చెప్పాల్సింది చెప్పేసి, సుచరిత స్క్రీను ముందు ఆగిపోయాడు.

"ఈ వల ఎవరిదమ్మా?"

"వల కాదు తాతా, నాచు."

"నాచా?" ముసలాయన నవ్వాడు. "నాచు ఇలా కన్నూ కన్నూ ఒకే కొలతలో మొలుస్తాదేటి? ఇదిగో, ముడి సూడు. దీనికింతే దూరంలో ఇంకోటి. ముప్పయ్యేళ్ళు అల్లిన చేతులమ్మా ఇవి. తెగిపోయి అడుక్కి పోయిన వల. పైన పాకుడు పట్టిందంతే."

సుచరిత ఫోటోను పెద్దది చేసింది. ముడి. మళ్ళీ ముడి. ఒకసారి కనిపించాక ఇక ముడులు తప్ప ఇంకేమీ కనబడలేదు. అన్నం డబ్బా మూత తీయకుండానే టీం లీడర్ నిఖిలేష్ దగ్గరికి పోయింది.

అతను అంతా విని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పోయిన బ్యాచ్ పోయింది. వచ్చేదాంట్ల సక్కగ రాయండి. అయిపాయె."

"గట్లెట్ల అన్నా? పడవలు ఎక్కడెక్కడికి పోవాల్నో సోమవారం లిస్టు తీస్తున్నరు. వల ఉన్న చోటనే చెత్త లేదని రాసినం. అక్కడికి ఎవ్వరు పోరు."

"నువ్వు తప్పయిందని మెయిల్ కొడితే, వాళ్ళు పని ఇంకో ఊరికిస్తరు. ఎనిమిది మంది ఇంట్ల కూసుంటరు. ఆ ముచ్చట వాళ్ళకు నువ్వు చెప్తవా?"

సుచరిత తిరిగొచ్చి కూర్చుంది. స్వీటీ అనుమానంగా అడిగింది, తను నమ్మకంగా చెప్పింది. తెలవదు అన్న మాట ఆరోజు నోటికెందుకు రాలేదో ఆమెకు బాగానే తెలుసు. కరెంటు పోకముందే మెయిల్ రాసింది. నాచు అని చెప్పింది నేనే, మిగతావాళ్ళు నా మాట విని రాశారు, అని కింద పేరు పెట్టింది.

మర్నాడు జవాబొచ్చింది. లిస్టు శుక్రవారం దాకా ఆపుతున్నారు. ఫోటోలన్నీ మళ్ళీ చేయాలి. తర్వాతి పని సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారు.

"ఎవ్వరడగకముందే నువ్వే పోయి చెప్పుకుంటివి" అంది స్వీటీ, ముఖం చూడకుండా. "మస్తు చదువుకున్నవు గదా అక్కా, నీకు ఇంకోటి దొరుకుతది. మా అమ్మకు నేనేం చెప్పాలె?"

ఆ రోజంతా ఎవరి కుర్చీ సుచరిత వైపు తిరగలేదు.

ఆమె కిందికి పోయి ఇస్సాకును పిలుచుకొచ్చి, పక్కన స్టూలు వేసింది. మొదటి ఫోటో. "వల" అన్నాడు. రెండోది, "వలే." మూడోది, "ఇది నాచేనమ్మా, ఉంచు." నాలుగోది తెరిచేసరికి స్క్రీను దగ్గరికి వంగాడు. వల నడుమ గుండ్రంగా ఏదో ఉంది. దాని చుట్టూ ఆగస్టులో సుచరితే గడి గీసింది. రాయి అని రాసింది.

"తాబేలు" అన్నాడు ఇస్సాకు. "ఎప్పటిదమ్మా ఈ ఫోటో?"

"జూన్ తాతా."

"దీని పని అప్పుడే అయిపోయిందిలే. వల మాత్రం ఇంకా అక్కడే ఉంటాది."

సుచరిత రాయి అన్న మాట కొట్టేసింది. తాబేలు అని రాసింది. చెయ్యి మౌస్ మీద అలాగే ఉండిపోయింది.

"ఊఁ, ఇంకోటి సూపించు" అన్నాడు ముసలాయన.